డెర్మటాలజీ పీజీలో కాస్మెటిక్ శిక్షణ: ఏది ఇప్పుడు, ఏది తర్వాత?

ప్రశ్న: ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ డీవీఎల్ (చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మా విభాగంలో కెమికల్ పీల్స్ (రసాయనంతో చర్మపు పైపొర తొలగించడం) తప్ప లేజర్లు, ఫిల్లర్లు (ముఖంలో గుంటలు పూడ్చే ఇంజెక్షన్లు), బొటాక్స్ (ముడతలు తగ్గించే ఇంజెక్షన్) నేర్చుకునే వీలు లేదు. వారాంతపు కోర్సుకు డబ్బు కట్టమంటారా? సాయంత్రాలు ప్రైవేటు క్లినిక్‌లో పనిచేయవచ్చా?

జవాబు: క్లినిక్ ఆలోచన మానుకోండి. పీజీ విద్యార్థి పూర్తికాలపు రెసిడెంట్ కనుక బయట ప్రాక్టీసు చేయడం నిబంధనలకు విరుద్ధం.

మీ ఆందోళన సహజమే గానీ, మీ ఓపీలో దొరుకుతున్న శిక్షణను మీరు తక్కువగా అంచనా వేస్తున్నారని నా అభిప్రాయం. నెలల తరబడి స్టెరాయిడ్ క్రీము రాసి పాడైన ముఖాన్ని గుర్తించకుండా పీల్ చేసినా, ముఖంపై నల్లమచ్చలు తెచ్చే లైకెన్ ప్లేనస్ పిగ్మెంటోసస్ అనే వ్యాధిని మంగు అనుకుని లేజర్ వాడినా, చెంప మీది పాలిపోయిన మచ్చలో స్పర్శ పరీక్షించకుండా కుష్ఠును వదిలేసినా, ఆ నష్టం రోగనిర్ధారణ లోపం వల్ల జరిగినదే. పైగా మన రోగుల్లో ఎక్కువమంది చర్మం ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణలో (చర్మపు రంగును, ఎండకు అది స్పందించే తీరును బట్టి చేసే విభజన) 4, 5 రకాలకు, అంటే ముదురు రంగు రకాలకు చెందుతుంది. చిన్న వాపు కూడా నల్లమచ్చగా మిగిలిపోవచ్చు. రోమాల తొలగింపుకు ముదురు చర్మంపై 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను ఎందుకు సురక్షితమంటారో, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ దాన్ని ఎంత తక్కువగా గ్రహిస్తుందో ఇప్పుడే క్షుణ్ణంగా చదవండి. పంచ్ బయాప్సీ (పరీక్షకు చిన్న చర్మపు ముక్క తీయడం), కుట్లు, ఎలక్ట్రోకాటరీ (విద్యుత్ వేడితో కాల్చడం), మొటిమల గుంటలకు సబ్సిషన్ (గుంటను కిందికి లాగే పోగులను సూదితో తెంచడం), బొల్లికి గ్రాఫ్టింగ్ (చర్మం అతికించడం) వంటివి ఒక్కటీ వదలకుండా చేసి లాగ్‌బుక్‌లో రాసుకోండి. లేజర్ ఉన్న మరో సంస్థలో కొన్ని వారాల పోస్టింగ్ కోసం మీ విభాగాధిపతిని (హెచ్‌ఓడీ) లిఖితపూర్వకంగా అడగండి.

ఇక వారాంతపు కోర్సు. జుట్టు మార్పిడిపై జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అది తగిన శిక్షణ కాదని స్పష్టంగా చెప్పాయి. ఫిల్లర్ల విషయంలో ఈ హెచ్చరికను మరింత గట్టిగా పాటించాలి. ఫిల్లర్ ధమనిలోకి వెళితే చర్మం కుళ్లిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్‌కు విరుగుడైన హయలురోనిడేజ్‌ను ఎప్పుడు, ఎంత మోతాదులో ఇవ్వాలో చేసి చూపించని కోర్సుకు రూపాయి కూడా కట్టవద్దు. గోడకు తగిలించుకునే ప్రైవేటు డిప్లొమాలకు కమిషన్ గుర్తింపు ఉండదు.

చేతితో చేసే అసలు సాధనను ఎండీ తర్వాత, నెలల పాటు ఒకే గురువు పర్యవేక్షణలో సాగే ఫెలోషిప్‌కు ఉంచుకోండి. చర్మవైద్యుల జాతీయ సంఘమైన ఐఏడీవీఎల్ ప్రకటించే ఫెలోషిప్‌లను, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోని వాటిని పరిశీలించండి. చేరే ముందు అక్కడ పూర్తిచేసినవారితో మాట్లాడి, సొంతంగా ఎన్ని ప్రొసీజర్లు చేయనిచ్చారో, సమస్య తలెత్తిన రోగులను తిరిగి చూసే అవకాశం దొరికిందో లేదో కనుక్కోండి.