సీరియల్ అయిపోయింది, బీపీ మాత్రా ఆగిపోయింది

డాక్టర్ సలహా

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అత్తగారికి 63 ఏళ్లు. మావయ్యగారు పోయి మూడేళ్లయింది. ఆవిడ ఆరేళ్లుగా ఒకే తెలుగు సీరియల్ చూస్తున్నారు. రాత్రి ఏడున్నర అయ్యేసరికి వీధిలోని నలుగురు ఆడవాళ్లు మా ఇంటికే వచ్చేవారు. అయిదు వారాల కిందట ఆ సీరియల్ అయిపోయింది. చివరి రోజున కథలో కోడలు ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ‘ఆరేళ్లు చూపించి దాన్నిలాగ పంపించేస్తారా’ అని మా అత్తగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వచ్చినవాళ్లలో ఒకావిడ టీవీవాళ్లని తిట్టిపోసింది. ఇంకొకావిడ బాగానే ముగించారంది. ఇద్దరికీ మాటామాటా పెరిగి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. అప్పటినుంచి ఆవిడకి గుండె దడ. రాత్రి మూడింటికే తెలివొచ్చేస్తోంది. తిండి తగ్గింది, పళ్లకి రుద్దుకునే గుడాకు మాత్రం ఎక్కువైంది. సీరియల్ కోసం ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తారా అని మా ఆయన నవ్వుతున్నారు. ఎనిమిదేళ్లుగా ఆవిడకి బీపీ ఉంది. ఎటెనలాల్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర రోజుకొకటి. టీవీలో సీరియల్ పాట రాగానే వేసుకునేవారు. ఇప్పుడు అడిగితే వేసుకున్నాననే అంటారు కానీ స్ట్రిప్ అలాగే కనిపిస్తోంది. పక్కింటివాళ్లు నిద్రమాత్ర ఇచ్చి సగం వేయమన్నారు, ఇంకా వేయలేదు. ఇది మనసు జబ్బా? పాత ఎపిసోడ్లు ఫోన్లో పెట్టి చూపించొచ్చా?
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ సీరియల్ గొడవే కనిపించింది. రెండోసారి ‘స్ట్రిప్ అలాగే కనిపిస్తోంది’ అన్నచోట ఆగిపోయాను. మీరు దాన్ని ఎందుకైనా మంచిదని చివర్లో రాశారు. నేను మాత్రం అక్కడే మొదలుపెడతాను.

ముందు ఆ మాత్రలు లెక్కపెట్టండి. మందుల షాపు బిల్లు మీద తేదీ ఉంటుంది కాబట్టి ఈపాటికి ఎన్ని అవ్వాలో, ఎన్ని మిగిలాయో తెలిసిపోతుంది. ఆవిడ ఎదురుగా కూర్చుని లెక్కపెట్టకండి, దొంగని పట్టుకున్నట్టుంటుంది. ఆవిడ అబద్ధం చెబుతున్నారని కూడా నేననుకోను. ఏళ్లపాటు ఒక పాట వినగానే చెయ్యి దానంతటదే మందుల డబ్బా మీదికి వెళ్లేది. ఇప్పుడు ఆ పాట లేదు, చెయ్యి కదలడం లేదు. వేసుకున్నానన్న నమ్మకం మాత్రం అలాగే ఉండిపోయింది. మీ ఇంట్లో ఆ సీరియల్ కథ చెప్పడంతో పాటు గడియారం పని కూడా చేసింది. అది ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు.

ఎటెనలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచే మందు. ఏళ్లతరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే, పగ్గం వదిలేసిన బండిలా గుండె పరుగందుకుంటుంది. దడ, చెమట, తలనొప్పి, బీపీ ఎగదన్నడం అన్నీ రావొచ్చు. గుండె రక్తనాళాల్లో ముందే పూడికలున్నవాళ్లకి ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావొచ్చు. మానేసిన తొలి రోజుల నుంచి ఒకటి రెండు వారాల దాకా ఈ బెడద ఎక్కువ. గుర్తొచ్చిన రోజు వేసుకుని, రెండు మూడు రోజులు మర్చిపోయి, మళ్లీ వేసుకుంటుంటే ఇది తెగకుండా సాగుతూనే ఉంటుంది. ఈ మందు మాన్పించాల్సి వచ్చినా డాక్టర్లం డోసు తగ్గించుకుంటూ కొన్ని వారాల్లో మాన్పిస్తాం.

అందుకని రేపు పొద్దున్నే ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఊళ్లోనే జిల్లా కేంద్ర ఆసుపత్రి ఉంది. ఒడిశా ప్రభుత్వం నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తుంది, బీపీ మందు కూడా అడగండి. ఈసీజీ తీయించాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది. నింద మాత్రం సీరియల్ మీదికి పోతుంది. మిగిలిపోయిన మాత్రలకి బదులుగా ఒకేసారి రెండు మూడు వేసేయకండి, నాడి మరీ పడిపోతుంది. ఎన్నాళ్లు మానేశారో చెబితే ఎంత డోసుతో మొదలుపెట్టాలో నాడి, బీపీ చూసి డాక్టరే చెబుతారు.

ఛాతీ బరువుగా పట్టేసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, మూతి ఒకపక్కకి వెళ్లినా, చెయ్యో కాలో లాగేసినా రేపటిదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గట్టిగా మనసు కష్టపడినప్పుడు గుండె కండరం కొద్ది రోజులపాటు నీరసించిపోయే జబ్బు ఒకటుంది, టకోట్సుబో అంటారు. 1990లో జపాన్ డాక్టర్లు దీన్ని మొదటిసారి వివరించారు. గుండె ఆకారం అక్కడ ఆక్టోపస్‌ని పట్టే కుండలా మారుతుందని ఆ పేరు పెట్టారు. ఎక్కువగా ముట్లు ఆగిన ఆడవాళ్లకే వస్తుంది. గుండెపోటుకీ దీనికీ పైకి తేడా తెలియదు. మీ అత్తగారికి అదే వచ్చిందని అనడం లేదు. బెంగ వల్ల వచ్చిన నొప్పేలెమ్మని ఇంట్లో కూర్చోకూడదని చెప్పడానికే రాశాను.

నాడి చూడటం మీరే నేర్చుకోవచ్చు. ఆవిడ అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ రెండు వేళ్లూ మెల్లగా ఆనించి ఒక నిమిషం లెక్కపెట్టండి. 60 నుంచి 100 దాకా మామూలే. ఎన్ని అన్నదానికంటే ఎలా కొట్టుకుంటోందన్నది కూడా చూడండి. ఒకటి వెంటనే, ఇంకొకటి ఆలస్యంగా, ఒక తీరూ తెన్నూ లేకుండా ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఆ లయ తప్పిన గుండె వల్ల పక్షవాతం రావొచ్చు.

బీపీ చూసేముందు అరగంట పాటు కాఫీ, టీ, గుడాకు ఏవీ వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టండి, ముఖ్యంగా మాట్లాడనివ్వకండి. ఏదో సీరియల్ అయిపోయిన మర్నాడు మా ఓపీకి ఒక పెద్దావిడ వచ్చారు, అదే ఇదేమో తెలియదు. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే ఆవిడ నాకు క్లైమాక్స్ చెబుతున్నారు, విలన్‌ని అంత తేలిగ్గా వదిలేశారని కోపం. పైఅంకె 172 వచ్చింది. అమ్మా, అయిదు నిమిషాలు నోరు మెదపొద్దని బతిమాలి మళ్లీ చూస్తే 146. ఆ 172 చూసి నేను మందు పెంచేసి ఉంటే ఆవిడ ఇంటికెళ్లి కళ్లు తిరిగి పడిపోయేవారు. ఇంట్లో చూసినప్పుడు నాలుగైదు రోజుల సగటు 135/85 దాటుతుంటే బీపీ అదుపులో లేనట్టు. 180/120 దాటి, పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా అది అత్యవసరం.

ఇక మీ ఆయన నవ్వు సంగతి. ఆయన్ని తప్పుపట్టను, నేనూ చిన్నప్పుడు నవ్వినవాణ్ణే. 1987, 88లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే ఆదివారాలు మా నాయనమ్మ తలస్నానం చేసి, టీవీకి కర్పూరం వెలిగించి కూర్చునేది. అది అయిపోయాక కొన్ని ఆదివారాలు ఆ వేళకి అలాగే స్నానం చేసి, ఏం చేయాలో తోచక వాకిట్లోకొచ్చి నిలబడేది. తెరమీద మనిషితో మనకు కుదిరే ఈ ఒకవైపు చుట్టరికాన్ని 1956లోనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, హోర్టన్, వోల్, గుర్తించి ఒక పేరు కూడా పెట్టారు. రోజూ అరగంట చొప్పున ఆరేళ్లు చూసిన ముఖం కనిపించకపోతే బెంగ పెట్టుకోవడం పిచ్చి కాదు. మామూలుగా అది కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మీ అత్తగారికి అయిదు వారాలైనా తగ్గలేదు.

నాకు తోచింది చెబుతాను, తప్పయితే మీరే దిద్దుకోండి. సీరియల్ మొదలయ్యేనాటికి మావయ్యగారు ఉన్నారు. సగంలో ఆయన పోయారు, సీరియల్ మాత్రం రోజూ ఏడున్నరకి వస్తూనే ఉంది. ఆవిడ ఆ మూడేళ్ల దుఃఖాన్ని ఆ అరగంట కింద పెట్టి మూత వేశారేమో. ఇప్పుడు మూత తీసేశారు. ఇంకొకటి, మీ ఊళ్లో బడి, ఆఫీసు ఎక్కువగా ఒడియాలోనే. మనవలు ఇంట్లో ఏ భాషలో మాట్లాడతారో మీరు రాయలేదు కానీ, సరిహద్దు ఊళ్ల ఇళ్లల్లో నేను చూసినంతవరకు పిల్లలు తమలో తాము ఒడియాలోనే మాట్లాడుకుంటారు. అలాంటిచోట ఒక ముసలావిడకి అడ్డులేకుండా తెలుగు వినిపించే అరగంట కూడా ఆ సీరియలే అయ్యుంటుంది. ఆవిడ బెంగలో ఎంత భాగం కథలో కోడలిదో, ఎంత భాగం ఆ నలుగురు ఆడవాళ్లదో విడదీసి చెప్పలేం.

కాబట్టి ఆ నలుగుర్నీ మళ్లీ పిలవండి. ఆవిడ పిలవరు, అభిమానం అడ్డొస్తుంది. మీరే వెళ్లి టీకి రమ్మనండి. ఆఖరి ఎపిసోడ్ మీద తగువు ఇంకా తీరలేదు కదా, వచ్చి అదే తీర్చుకోమనండి. సరిహద్దు అవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో చుట్టాలెవరైనా ఉంటే ఒక పూట అక్కడికి తీసుకెళ్లండి.

పిలిచేముందు ఒకసారి చెవులు కూడా చూపించండి. మీరు రాయని విషయం ఎందుకు అంటారా? ఈ వయసులో చాలామందికి వినికిడి తగ్గుతుంది, టీవీ చూస్తున్నంతకాలం ఎవరికీ తెలియదు. టీవీకైతే సౌండ్ పెంచుకుంటారు, ఎదురుగా మాట్లాడే మనిషికి పెంచలేరు. మాటలు సరిగా అందక మనుషుల మధ్య కూర్చోవడం మానేసినవాళ్లని నేను చాలామందిని చూశాను. కొందరికి గుబిలి తీయిస్తే సరిపోతుంది. మీ ఊళ్లోనే పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం కొండలెక్కి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడితే జ్వరం తగ్గింది కానీ వినికిడి పోయింది. మందుల్లో కొన్ని చెవిని దెబ్బతీస్తాయి కాబట్టి, ఆవిడ వాడే మందులన్నీ, నొప్పిమాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.

గుడాకు అంటే పొగాకే. పళ్లకి రుద్దినప్పుడల్లా నికోటిన్ రక్తంలోకి వెళ్లి గుండె వేగాన్నీ, బీపీనీ పెంచుతుంది. సాయంత్రం తోచక ఒకసారి, రాత్రి మూడింటికి తెలివొచ్చాక ఇంకోసారి రుద్దుకుంటుంటే ఇక నిద్ర ఎక్కడిది? ఒక్కసారిగా మాన్పించకపోయినా, ముందు చీకటి పడ్డాక రుద్దుకునేది ఆపించండి.

పక్కింటివాళ్ల నిద్రమాత్ర వేయనందుకు మీకు నమస్కారం. తిరిగి ఇచ్చేయండి. ఈ వయసులో రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకునేవాళ్లలో అలాంటి సగం మాత్ర వేసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. పైగా అది అలవాటైపోతుంది.

మనసు జబ్బా అని అడిగారు. కావచ్చు. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి తగ్గడం, తెల్లవారకముందే తెలివొచ్చేయడం కలిసి ఉంటే డిప్రెషన్ అనుకుని చూపించాలి. బీపీ, రక్తపరీక్షలు తేలాక అదే ఆసుపత్రిలో అడగండి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. నేనెందుకు బతికున్నాను లాంటి మాట ఆవిడ నోట వింటే ఒంటరిగా వదలకండి, ఆరోజే తీసుకెళ్లండి.

మాత్రకి కొత్త గుర్తు కావాలి. ఇంకో సీరియల్ పాటకి ముడిపెట్టకండి, అదీ ఏదో ఒకరోజు అయిపోతుంది. మీ ఇంట్లో సంధ్యవేళ దీపం పెడతారు కదా, డబ్బా ఆ అగ్గిపెట్టె పక్కనే పెట్టండి. ఈ మాత్రని పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా పెద్ద తేడా లేదు, రోజూ ఒకే వేళకి పడితే చాలు. వారాల పేర్లున్న ఏడు గళ్ల డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. అప్పుడు వేసుకున్నారా అని మీరు అడగక్కర్లేదు, గడి చూస్తే తెలుస్తుంది.

పాత ఎపిసోడ్లు చూపించండి, తప్పులేదు. పగటిపూట, కూర్చుని, ఒకటి. మంచం మీద పడుకుని వరసపెట్టి చూస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది. వీలైతే ఫోన్లో కాకుండా టీవీకి పెట్టండి, పక్కన ఇంకొకరు కూర్చోడానికి చోటుంటుంది. చివరి వారంవి మాత్రం ఇప్పుడప్పుడే వద్దు.