బాణం మీద ఏం రాయించావు?

చి. అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

క్లాసులో గ్రాఫిక్ ఆర్గనైజర్లు, అదే పాఠాన్ని గడులూ బాణాలూ వలయాలతో గీసే పటాలు, మొదలుపెడతానన్నావు, మంచిదే. కానీ నెట్‌లో దొరికిన రంగుల పటం జెరాక్సు తీసి పంచకు. ఆ గడులు ఇంగ్లీషు అక్షరాల కొలతకి చేసినవి. మన ఒత్తులూ గుడిదీర్ఘాలూ వాటిలో పట్టవు, పిల్లలు సగం మాట రాసి వదిలేస్తారు. తెల్లకాగితం ఇచ్చి వాళ్లనే గీసుకోమను. గడి కనీసం రెండు వేళ్ల ఎత్తుండాలి. స్కేళ్లు వద్దు, వాటి కోసం వెతుక్కోవడంలోనే పావుగంట పోతుంది.

మొదటిసారికి మీ చెన్నై నీళ్లే తీసుకో, శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ. బోర్డు మీద వరసగా ఐదు గడులు, వాటి మధ్య బాణాలు గీయి. మొదటి దాంట్లో శ్రీశైలం, చివరి దాంట్లో పూండి నువ్వే రాసి, మధ్యవి ఖాళీగా ఉంచు. వెలుగోడు, సోమశిల, కండలేరు జలాశయాల పేర్లు వాళ్లు పాఠంలోంచి వెతకాలి. రెండు నిమిషాలు ఎవరికి వాళ్లు, మూడు నిమిషాలు పక్కవాళ్లతో, ఆ తర్వాతే బోర్డు దగ్గరికి. నీ రాత తెల్ల సుద్దతో, వాళ్లది పసుపు సుద్దతో. గంట కొట్టేసరికి బోర్డంతా తెల్లగా ఉందంటే పాఠం నువ్వొక్కదానివే చెప్పుకున్నట్టు.

గడులు నిండగానే అయిపోయిందనుకుంటారు, దెబ్బతినేది అక్కడే. బాణం మీద ఏమీ రాయకపోతే అది ఊళ్ల పేర్ల జాబితాయే. ప్రతి బాణం మీదా ఏం జరుగుతోందో రాయించు. కండలేరు నుంచి పూండికి కాలువ 177 కిలోమీటర్లు. అందులో 152 ఆంధ్రలో, 25 తమిళనాడులో. 1983 ఒప్పందం ప్రకారం వదలాల్సింది 15 టీఎంసీలు, సరిహద్దులో అందాల్సింది 12. ఆ బాణం పక్కనే చిన్న ఖాళీ గడి గీసి, ‘మిగతా 3 ఏమైనట్టు?’ అని అడిగి ఊరుకో. తొందరపడి నువ్వే చెప్పేయకు. ఆవిరైపోయాయని ఒకరు, ఇంకిపోయాయని ఒకరు అంటారు. రెండూ రాయించు.

వ్యాకరణానికి ఫ్రేయర్ పటం బాగా పనికొస్తుంది. మధ్యలో సవర్ణదీర్ఘ సంధి, చుట్టూ నాలుగు గడులు: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, కానివి. నిర్వచనంతో మొదలుపెడితే గైడు చూసి దించేస్తారు. ‘కానివి’తో మొదలుపెట్టు. విద్యార్థి, మహోదయం, కవీంద్రుడు, మహేంద్రుడు, దేవాలయం కలిపి రాసి, చేరనివి ఏరమను. మహోదయం, మహేంద్రుడు ఎందుకు పక్కకి పోయాయో విడదీసి చెప్పగలిగితే (అవి గుణసంధి కదా) నిర్వచనం వాళ్ల నోటనే వస్తుంది.

పోలికలకి వెన్ వలయాలు, ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కిన రెండు సున్నాలు; రెంటికీ ఉన్నవి ఆ మధ్యభాగంలో రాయాలి. ఉగాది, తమిళుల సంవత్సరాది పుత్తాండు వేయించు. అందరూ మధ్యభాగం సన్నగా గీస్తారు, తీరా వేపపువ్వు, మామిడికాయ, పంచాంగం వచ్చేసరికి చోటుండదు. అక్కడ జానెడు వెడల్పు వదలమను. చాంద్రమానం ఒకవైపు, సౌరమానం ఒకవైపు పోతాయి.

పీరియడ్‌కి ఒక్క పటం చాలు. బొమ్మ అందానికి మార్కులు వేశావంటే స్కెచ్ పెన్నుల పోటీ మొదలవుతుంది. చివరి పది నిమిషాలు కాగితం తిరగేసి, పటం చూడకుండా వెనకవైపు ఐదు వాక్యాలు రాయించు. ఎక్కడ ఆగిపోయారో చూసుకో, మర్నాడు అక్కణ్నుంచే ఎత్తుకోవాలి.

ఉగాది వలయాలు వేయించాక రెండు కాగితాలు ఫోటో తీసి పంపు. బాగా వచ్చినవి కాదు, తికమకపడ్డవి.

పెద్దమ్మ