అన్నీ ఉన్నా మాథ్యూ పెర్రీ మత్తుకి ఎందుకు బానిసయ్యాడు?

అమెరికన్ టీవీ కామెడీ ఫ్రెండ్స్ సిరీస్‌లో చాండ్లర్‌గా చేసిన పెర్రీ 2022లో వచ్చిన ఆత్మకథలో దీనికి సూటిగానే జవాబిచ్చాడు. ఫేమ్ వల్ల మొదలవ్వలేదండి, మొదటిసారి తాగింది 14 ఏళ్లకే, లోపలి వెలితిని పేరు పూడుస్తుందనుకుని దేవుడా నన్నేమైనా చేసుకో కానీ ఫేమస్ చెయ్యి అని మొక్కుకున్నాడట, కొన్ని వారాలకే ఫ్రెండ్స్ వచ్చింది, వెలితి మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక సినిమా షూటింగ్‌లో జెట్ స్కీ (నీటి మీద నడిపే బైక్ లాంటిది) యాక్సిడెంట్ అయితే నొప్పికి ఇచ్చిన వికోడిన్ అనే ఓపియాయిడ్ (నల్లమందు తరహా, అలవాటైపోయే నొప్పి మందు) ఏడాదిన్నరలో రోజుకి 55 మాత్రల దాకా వెళ్లింది. అన్ని ఎలా దొరుకుతాయి? డాక్టర్లకి లేని నొప్పులు చెప్పేవాడు, అమ్మకానికి పెట్టిన ఇళ్లు చూసే నెపంతో వెళ్లి బాత్రూమ్ అరల్లోంచి మాత్రలు తీసేసుకునేవాడు. అంత సంపాదించే మనిషి! ఇది చదివాక కూడా విల్‌పవర్ లేదు అనేస్తే నాకు బాధేస్తుంది, అది జబ్బు. సిరీస్‌లో తన ఒళ్లు చూస్తేనే అప్పుడు దేనికి బానిసో తెలిసిపోతుందని తనే రాశాడు, లావుగా ఉంటే తాగుడు, బక్కగా ఉంటే మాత్రలు. 2018లో ఓపియాయిడ్ల వల్ల పెద్దపేగు పగిలి రెండు వారాలు కోమాలో ఉండి బయటపడ్డాడు. 2023 అక్టోబర్‌లో 54 ఏళ్లకి చనిపోయాడు, ప్రధాన కారణం కెటమైన్ అనే మత్తుమందు అని పోస్ట్‌మార్టంలో తేలింది.