చీకటి సీసాలో తగ్గిన ఆక్సిజన్

"మనం పీల్చే ఆక్సిజన్‌లో సగం సముద్రంలోని సూక్ష్మజీవులే ఇస్తాయంటారు కదా, సముద్రం వేడెక్కి అవి చనిపోతే మనకు గాలి కరువవుతుందా?" అని అడిగారు.

అవదు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. వాతావరణంలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంది. అది కోట్ల ఏళ్లుగా పోగుపడిన నిల్వ. కిరణజన్య సంయోగక్రియ రేపే ఆగిపోయిందనుకున్నా, మనం ముందు ఆకలితో పోతాం తప్ప ఊపిరాడక పోము. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలో జరుగుతుందన్నది నిజమే. కానీ అక్కడ తయారయ్యే ఆక్సిజన్ దాదాపు మొత్తం అక్కడే ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు చేసేదెవరో మాత్రం ఎవరూ అడగరు. నాకు అది ఓడలో రెండు రాత్రుల్లో తెలిసింది. అందుకే ఈ సమాధానం కాస్త పొడవుగా ఉంటుంది.

రీసెర్చ్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు మూడు వారాలు ఒక పరిశోధన నౌకలో పనిచేశాను. ఎటు చూసినా తీరం కనబడని చోటు, అద్దంలా తేటగా ఉండే నీలం నీళ్లు. బకెట్‌తో తోడి చూస్తే ఒక్క నలుసు కూడా ఉండదు. నా పని ఆక్సిజన్ కొలవడం. తెల్లవారకముందే సీటీడీ అనే పరికరాన్ని పైకి లాగుతారు. లోహపు చట్రం చుట్టూ పొడవాటి సీసాలు, ఏ లోతులో మూసుకోమంటే ఆ లోతులో మూసుకుని నీళ్లు పట్టుకొస్తాయి. వాటి నుంచి గొట్టంతో చిన్న గాజు సీసాల్లోకి నింపుకోవాలి. గొట్టం చివర సీసా అడుగుకు ఆనాలి, నీళ్లు పైనుంచి పొర్లిపోవాలి, బిరడా పెట్టేటప్పుడు ఒక్క బుడగ కూడా లోపల చిక్కకూడదు. కొన్ని సీసాల్లో ఆక్సిజన్ అప్పటికప్పుడే కొలుస్తాం. మిగతావాటికి వెలుతురు తగలకుండా నల్ల టేపు చుట్టి, డెక్ మీద సముద్రపు నీళ్లు పారే తొట్టిలో ఒక రోజంతా ఉంచి, అప్పుడు కొలుస్తాం.

కొలిచే పద్ధతి 1888 నాటిది, లాయోష్ వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రవేత్తది. సీసాలో మాంగనీస్ క్లోరైడ్, ఆ వెంటనే క్షారం కలిపిన అయొడైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి కిందికి దిగుతుంది. యాసిడ్ వేస్తే అది కరిగి నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ చుక్కలు చుక్కలుగా వదలాలి. పసుపు పలచబడ్డాక కాస్త గంజి ద్రావణం వేస్తే నీలం తిరుగుతుంది. ఆ నీలం మాయమయ్యే చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ఆ సీసా లెక్కలోంచి పోయినట్టే. ఓడ ఊగుతుంటుంది, దాంతో పాటే బ్యూరెట్, నా కడుపు కూడా.

మొదటి సెట్ మొత్తం పాడైంది, బిరడాల కింద బుడగలు. తెల్లవారుజామున నాలుగింటికి ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. రెండో సెట్‌లో బుడగల్లేవు, కానీ నల్ల టేపు చుట్టిన నాలుగు సీసాల్లోనూ ఆక్సిజన్ తగ్గింది. లీటరుకు సుమారు 200 మైక్రోమోల్ ఉండే నీళ్లలో రెండు మైక్రోమోల్ కూడా తగ్గలేదు, అయినా నాలుగింట్లోనూ అటూ ఇటూ అంతే తగ్గింది. మళ్లీ నా చెయ్యే తప్పు చేసిందనుకుని భయపడి మా సీనియర్‌ని నిద్రలేపాను. ఆవిడ నోట్‌బుక్ చూసి, "తప్పేం లేదే. లోపలున్నవి ఊపిరి తీసుకోవద్దూ?" అని మళ్లీ పడుకున్నారు.

మర్నాడు రాత్రి అదే నీళ్లు కొద్దిగా నల్లటి ఫిల్టర్ మీద వడకట్టి, డీఎన్‌ఏకి అంటుకునే డాపీ రంగు వేసి, దీపాలార్పిన గదిలో మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. అతినీలలోహిత కాంతి పడేసరికి ఎక్కడ చూసినా నీలం చుక్కలే. గళ్లు గీసి ఉన్న కంటికటకంలోంచి ఒక్కో గడిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. మిల్లీలీటరుకు లక్షల్లో తేలాయి. అంటే నలుసు కూడా కనబడని నా చిన్న సీసాలో కోట్ల ప్రాణాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఏమీ తయారుచేయవు. కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని తింటాయి, ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి.

ఇది తెలిశాక పాఠ్యపుస్తకాల్లోని ఆహార గొలుసు బొమ్మ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్లవకం (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), చిన్న చేప, పెద్ద చేప, సొరచేప, మధ్యలో బాణాలు. బాక్టీరియా ఉంటే ఒక మూల "విచ్ఛిన్నకారులు" అనే పేరుతో ఉంటుంది. సముద్ర శాస్త్రవేత్త లారెన్స్ పోమెరాయ్ 1974లోనే ఈ బొమ్మ చాలదని రాశారు. 1983లో ఫరూక్ అజామ్, ఆయన సహచరులు బాక్టీరియా గుండా సాగే దారికి సూక్ష్మజీవుల వలయం అని పేరు పెట్టారు. మొక్క ప్లవకాలు తయారుచేసే దాంట్లో పెద్ద వాటా బాక్టీరియా గుండానే వెళుతుంది. పోనీ, ఇది ఆలస్యంగా ఎందుకు తెలిసిందో అర్థం చేసుకోవచ్చు. పాత రోజుల్లో పళ్లెంలో జెల్లీ మీద పెంచి లెక్కపెట్టేవారు, అలా పెరిగేవి వెయ్యికి ఒకటి కూడా ఉండవు. సముద్రంలో అత్యధికంగా ఉండే ఎస్‌ఏఆర్11 బాక్టీరియా ఉనికి 1990లో గాని బయటపడలేదు, దాన్ని ల్యాబ్‌లో పెంచడం 2002లో గాని కుదరలేదు. భూమ్మీద సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే కిరణజన్య జీవి ప్రోక్లోరోకాకస్ గురించి 1988లో గాని ప్రపంచానికి తెలియలేదు. మరి ఇన్నేళ్లయినా ఆ బొమ్మ ఎందుకు మార్చరు?

ఇక వాతావరణం సంగతి. సముద్రంలోని మొక్క ప్లవకాలు ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల కార్బన్‌ను పట్టుకుంటాయి. అందులో చాలావరకు వెలుతురు అందే పై పొరలోనే బాక్టీరియా, చిన్న జంతువులు తినేసి మళ్లీ వాయువుగా వదిలేస్తాయి. కొంచెం మాత్రం చచ్చిన కణాలుగా, మలంగా, జిగట తుంపులుగా కిందికి రాలుతుంది. దారిలో దాన్ని కూడా బాక్టీరియా కొరుకుతూనే ఉంటాయి. వంద మీటర్ల దగ్గర ఊపిరిగా వదిలేసిన కార్బన్ త్వరలోనే పైగాలిలో కలుస్తుంది. అదే వెయ్యి మీటర్ల కింద వదిలితే వందల ఏళ్లు పైకి రాదు. ఈ రాలడం అనేదే లేకపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడున్నదానికంటే 150 నుంచి 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఎక్కువ ఉండేదని అంచనా. ఇప్పుడున్నదే 420 దాటింది.

లోతుకు చేరితే ఎంత నెమ్మదిగా తింటాయో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 1968లో ఆల్విన్ అనే అమెరికా జలాంతర్గామి 1,500 మీటర్ల లోతుకు మునిగిపోయింది. అందులోని మనుషులు బయటపడ్డారు, భోజనం డబ్బా లోపలే ఉండిపోయింది. పది నెలల తర్వాత పైకి తీస్తే సాండ్‌విచ్‌లు, ఆపిల్ పళ్లు దాదాపు పాడవకుండా ఉన్నాయి. ఆ చలిలో, ఆ ఒత్తిడిలో బాక్టీరియా ఆకలి మందగించింది. నీళ్లు వెచ్చబడితే దానికి ఎదురు జరుగుతుంది. రాలే కార్బన్‌ను ఇంకా పైనే, ఇంకా వేగంగా తినేస్తాయి. వేడెక్కే సముద్రంలో అన్నిటికంటే ముందు లెక్క తేల్చవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం. కొత్త ప్లవకం ఎంత పుట్టిందన్నది దాని తర్వాతే.

అందుకే సముద్రంలో ఇనుము చల్లి, ప్లవకాన్ని పెంచి వాతావరణాన్ని బాగుచేస్తామనే వాళ్ల మీద నాకు కోపం. 2009లో భారత్, జర్మనీ శాస్త్రవేత్తలు లోహాఫెక్స్ పేరుతో దక్షిణ మహాసముద్రంలో సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లి చూశారు. ప్లవకం పెరిగింది. దాన్ని చిన్న రొయ్యల్లాంటి జీవులు మేసేశాయి, లోతుకు దిగిన కార్బన్ చాలా తక్కువ. ఆ శాస్త్రవేత్తలు నిజాయితీగా కొలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు, వాళ్ల మీద నాకు గౌరవమే. ఆ ఫలితం చూశాక కూడా పచ్చదనాన్ని ఉపగ్రహంలోంచి ఫొటో తీసి కార్బన్ దాచేశామనుకునే వాళ్లతోనే నా గొడవ.

మీరడిగిన ఆక్సిజన్ కరువు నిజంగా వస్తున్నది చేపలకు. 1960 నుంచి సముద్రం మొత్తం మీద ఆక్సిజన్ సుమారు 2 శాతం తగ్గింది. వెచ్చటి నీళ్లలో వాయువు తక్కువ కరుగుతుంది, పైనీళ్లు కిందికి కలవడం తగ్గుతుంది, కింద బాక్టీరియా మాత్రం పీలుస్తూనే ఉంటాయి. పొలాల ఎరువు కొట్టుకొచ్చే తీరాల్లో ఇది మరీ ఎక్కువ. ఆక్సిజన్ అయిపోయాక కొన్ని బాక్టీరియా నైట్రేట్‌తో ఊపిరి సాగిస్తాయి. ఆ దారిలో నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. కిలోకు కిలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది.

ఈ ఊపిరిని ఇప్పుడు ఆర్గో ఫ్లోట్లు అనే యంత్రాలు కూడా కొలుస్తున్నాయి. మనిషి తోడు లేకుండా రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, పైకొచ్చి, ఉపగ్రహానికి లెక్కలు పంపుతాయి. వాటిలో కొన్నిటికి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. అయితే ఆ సెన్సార్లు సరిగ్గా చూపిస్తున్నాయా అని సరిచూడటానికి 1888 నాటి ఆ వింక్లర్ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. కాబట్టి ఈ రాత్రి కూడా ఏదో ఓడలో ఒక స్టూడెంట్ సీసా నింపి, బిరడా కింద బుడగ చిక్కిందేమోనని దీపానికెత్తి చూస్తూ ఉంటుంది.