మ్యూజియంలోని పాత విమానాలపై స్వచ్ఛంద సేవ: లైసెన్సుకు పనికొస్తుందా?

ప్రశ్న: నేను మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు కావాలన్నది నా కోరిక. ఒక విమానాల మ్యూజియం పాత యుద్ధ విమానాల పునరుద్ధరణకు వారాంతాల్లో స్వచ్ఛందంగా పనిచేసేవారిని పిలుస్తోంది. జీతం లేని పని ఎందుకని నాన్నగారు అడుగుతున్నారు. ఈ అనుభవం లైసెన్సుకు పనికొస్తుందా?

జవాబు: మీ నాన్నగారి ప్రశ్న సమంజసమైనదే. ప్రదర్శన కోసమే నిలిపి ఉంచిన విమానంపై చేసిన పని సాధారణంగా లైసెన్సు అనుభవం కింద లెక్కకు రాదు. యూరప్‌లో మెయింటెనెన్స్ లైసెన్సుకు వర్తించే పార్ట్-66 నిబంధనలు వాడకంలో ఉన్న విమానాలపై చేసిన పనినే అడుగుతాయి. అమెరికాలో అనుభవం ఆధారంగా ఎయిర్‌ఫ్రేమ్ (విమాన దేహం), పవర్‌ప్లాంట్ (ఇంజను) రేటింగులు, అంటే ఆ పనులకు ఇచ్చే అర్హతలు, రెండూ కోరేవారు 30 నెలల పనిని చూపించాలి. పాత విమానాలను ఎగిరే స్థితిలో ఉంచే మ్యూజియంలూ కొన్ని ఉన్నాయి కనుక, ఆ విమానం ఎగురుతుందా, పనిని లైసెన్సు ఉన్న ఇంజనీరు పర్యవేక్షిస్తారా అన్నది చేరకముందే అడిగి తెలుసుకోండి.

ఎగరని విమానమే అయినా చేరమనే నా సలహా. ఎందుకంటే తరగతిలో చదివిన తుప్పు పాఠం అక్కడ కళ్లకు కనిపిస్తుంది. అల్యూమినియం రేకుకు ఉక్కు స్క్రూ బిగించిన చోట తేమ చేరితే రంగు కింద చిన్న బొబ్బ లేస్తుంది, అది పగిలితే తెల్లని పొడి రాలుతుంది. వదులైన రివెట్ తల వెనక, గాలి వీచిన దిశలో, నల్లని చార సాగి ఉంటుంది. ఈ రెండు గుర్తులనూ పట్టుకోగల కన్ను రేపు ప్రయాణికుల విమానం రెక్క కింద నిలబడినప్పుడూ మీకు అక్కరకొస్తుంది. మొదటి కొన్ని వారాలు బహుశా గుడ్డ, బ్రష్షు మాత్రమే చేతికిస్తారు. చిన్నబుచ్చుకోకండి, శుభ్రం చేసే చేతికే పగులు ముందుగా తగులుతుంది.

భద్రత విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఎజెక్షన్ సీటులోని (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు) పేలుడు కార్ట్రిడ్జ్‌లను తీసేసినట్లు రాతపూర్వకమైన రికార్డు చూసేదాకా కాక్‌పిట్‌లోకి ఎక్కవద్దు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు కాక్‌పిట్ మీటర్ల అంకెలు చీకట్లో వెలిగేందుకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు పూసేవారు. రేడియం అర్ధాయువు (అది సగానికి తగ్గే కాలం) సుమారు 1,600 ఏళ్లు కాబట్టి, చీకట్లో వెలగడం మానేసిన డయల్‌లోనూ ఆ రేడియం అలాగే ఉంటుంది. అటువంటి మీటరు అద్దాన్ని మీరు విప్పకూడదు. పాత ప్రైమర్లలో (రంగు కింద వేసే తొలి పూత) హానికరమైన క్రోమేట్, బ్రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక వాటి దుమ్ము లేపే పనిని తగిన శిక్షణ, మాస్కు లేకుండా ఒప్పుకోవద్దు.

మొదటి రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, విప్పిన భాగం, చూసిన మాన్యువల్ పేజీ, చేసిన పని రాసి పర్యవేక్షకుని సంతకం తీసుకోండి. తెచ్చిన పనిముట్లను పని ముగిశాక లెక్కపెట్టి తిరిగి అప్పగించినట్లు కూడా అందులో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఈ పుస్తకానికే ఎక్కువ విలువ ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే ప్రతి పనికీ రాత ఉండాలన్న విమానరంగపు క్రమశిక్షణ మీకు అప్పటికే అలవడిందని అది చూపిస్తుంది.

పరీక్షల నెలల్లో రాలేనని వారికి ముందే చెప్పండి. మీకు 18 ఏళ్లు నిండకపోతే ఏయే పనులకు అనుమతి ఉంటుందో కనుక్కోండి. చేరేముందు నాన్నగారిని ఒకసారి ఆ హ్యాంగరుకు తీసుకువెళ్లి, మీకు పని నేర్పబోయే వ్యక్తితో మాట్లాడించండి.