రెండున్నరేళ్ల పాప ప్రతిదానికీ "వద్దు" అంటోందా?

మీ పాప ఏం చెప్పినా వద్దంటోంది, ఆట ఆపమంటే నేల మీద పడి ఏడుస్తోంది, బొమ్మలు ఎవరినీ ముట్టనివ్వడం లేదు, కొట్టకుండా ఎలా దారికి తెచ్చుకోవాలి అని అడిగారు. ఇద్దరు పిల్లల్ని పెంచిన తల్లిగా చెప్తున్నాను, ఇవన్నీ ఆ వయసు లక్షణాలే. మొండిది అని ముద్ర వేయకండి.

పిల్లల్ని ఏదైనా చెయ్యమనే ముందు, ఈ వయసులో అది వీళ్లకు చేతనవుతుందా అని చూసుకునేదాన్ని. ఏడాది నిండని బిడ్డ చెంచా పదే పదే కింద పడేస్తుందంటే, పడేస్తే ఏమవుతుందో తెలుసుకుంటోందన్నమాట. అప్పుడు క్రమశిక్షణ ప్రసక్తే లేదు.

రెండేళ్లు వచ్చాకే అసలు కష్టం. అన్నీ "నేనే చేస్తా" అంటారు. ఈ దశలో బిడ్డకు స్వతంత్రతే ముఖ్యమని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ చెప్పారు. కోపమేమో కొండంత, చెప్పుకోవడానికి మాటలు చాలవు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగాలంటే దాదాపు 25 ఏళ్లు పడుతుంది. మరి రెండున్నరేళ్ల పిల్ల తనంతట తాను శాంతించాలని ఎలా ఆశిస్తాం?

మా పెద్దవాడికి "ఇంకో ఐదు నిమిషాలే" అంటే ఏమీ అర్థమయ్యేది కాదు. "ఇంకో రెండుసార్లు జారుడుబల్ల ఎక్కు, తర్వాత వెళ్దాం" అంటే తెలిసేది. అయినా ఒక్కోసారి ఏడ్చేవాడు. "ఇంకా ఆడుకోవాలనుంది కదూ, కోపమొచ్చింది" అని ఒక్క మాట అని, ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఏడుస్తున్నప్పుడు నీతులు చెప్పినా చెవికెక్కవు. అలాగని ఏడుపు చూసి మాట మార్చకూడదు. ఇంకొకటి, స్నానం తప్పదనుకున్నప్పుడు "స్నానం చేస్తావా?" అని అడగకండి. "స్నానానికి బాతుబొమ్మ తెచ్చుకుంటావా, పడవబొమ్మా?" అనండి.

బొమ్మలు ఇవ్వడం గురించి మాత్రం ఇప్పుడే టెన్షన్ వద్దు. రెండేళ్ల పిల్లలు కలిసి ఆడేదానికంటే పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడమే ఎక్కువ. పంచుకోవడం మూడు, నాలుగేళ్లకు మెల్లగా వస్తుంది. ఎవరైనా పిల్లలు వస్తున్నారంటే పాపకు బాగా ఇష్టమైనవి ముందే లోపల పెట్టేయండి.

"రెండు తగిలిస్తే అదే వింటుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. దెబ్బకు భయపడి అప్పటికి ఆగుతారు, ఏం చేయాలో మాత్రం నేర్చుకోరు. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2018లో కొట్టడం, సిగ్గుపడేలా తిట్టడం వద్దని స్పష్టంగా చెప్పింది. పాప చెయ్యెత్తితే ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని "కొట్టనివ్వను" అనండి, చాలు. రోజూ అదే మాట, అదే గొంతుతో చెప్పాలి. ఫలితం నెలల మీద కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గమనించండి. ఈ వయసుకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా, ఇంతకు ముందు వచ్చిన మాటలు పోయినా, అది పెంపకంతో సర్దుకునే విషయం కాదు. ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.