హైస్కూలు క్లబ్బులు, హానర్ సొసైటీలు: ముందు ఖర్చు లెక్క చూసుకోండి

ప్రశ్న: అన్నయ్యా, జూలైలో హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గరికి వచ్చాం. మావారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాకూ పిల్లకీ దాని మీద ఆధారపడిన హెచ్4. అమ్మాయి పదో తరగతిలో చేరుతోంది. ఇక్కడి హైస్కూల్లో లెక్కలేనన్ని క్లబ్బులట, అవి కాక బాగా చదివే పిల్లల్ని చేర్చుకునే హానర్ సొసైటీలట. పక్కింటి అబ్బాయి ఏడింటిలో ఉన్నాడు. మా పిల్ల ఇప్పటికే వెనకబడిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. వేటిలో చేర్పించమంటారు?

జవాబు: చెల్లెమ్మా, వేటిలో చేర్పించాలన్నది తర్వాత చూద్దాం. దీనికి ఏడాదికి ఎంత పెట్టగలరో ముందు మీరిద్దరూ కూర్చుని ఒక అంకె అనుకోండి. మీ ఇంట్లో వచ్చేది ఒక్క జీతం. మీ అమ్మాయి క్లాసులో చాలామంది పదహారేళ్లు రాగానే కిరాణా షాపులోనో ఐస్‌క్రీమ్ షాపులోనో గంటల లెక్కన పని చేసి తమ ఫీజులు తామే కట్టుకుంటారు. హెచ్4 మీద ఉన్న పిల్లకి ఆ దారి లేదు. సేవ చేయొచ్చు గానీ జీతం తీసుకోకూడదు. అందుకని ప్రతి టీషర్టూ ప్రతి ప్రయాణమూ మీవారి జీతంలోంచే రావాలి. ఎప్పుడూ డబ్బు మాటే ఎత్తుతానని ఇక్కడి మనవాళ్లు నన్ను విసుక్కుంటారు. అయినా చెబుతాను, ఎందుకంటే మేం వచ్చినప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు.

అప్పుడు మా పెద్దవాడు తొమ్మిదో తరగతి. పోస్టులో వాడి పేరు మీద ఒక కవరు వచ్చింది. దళసరి కాగితం, బంగారు రంగు ముద్ర, లోపల వాడి ప్రతిభను గుర్తించి ఒక సొసైటీలో సభ్యత్వం ఇస్తున్నామని ఉత్తరం. మా ఆవిడ దాన్ని దేవుడి మందిరంలో పెట్టింది. నేను గుంటూరులో ఉన్న నాన్నకి ఫోన్ చేస్తే ఆయన వీధి వీధంతా చెప్పుకున్నారు. సభ్యత్వానికి డబ్బు కట్టమన్నారు, ఆ సాయంత్రమే కట్టేశాను. నెల తిరక్కుండా అదే ధోరణిలో ఇంకో ఉత్తరం. వాషింగ్టన్‌లో జరిగే నాయకత్వ సదస్సుకి వాణ్ణి ఎంపిక చేశారట, ఖర్చంతా మనదేనట. అప్పటికి మా అపార్ట్‌మెంట్‌లో సోఫా కూడా లేదు, దుప్పటి పరుచుకుని కూర్చునేవాళ్లం. సోఫాకని దాచిన డబ్బుకి క్రెడిట్ కార్డు అప్పు కలిపి పంపించాం. వాడు మ్యూజియంలు చూసి, ఒక సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు.

కాలేజీ దరఖాస్తుల సమయంలో స్కూలు కౌన్సెలర్ ఆ రెండు కాగితాల్నీ పక్కన పెట్టేసింది. డబ్బు కట్టిన ఎవరికైనా ఇలాంటివి వస్తాయని, కాలేజీలకి ఆ సంగతి తెలుసని మర్యాదగానే చెప్పింది. మనకి ఉత్తరం వచ్చిందంటే ఎవరో మన మార్కులు చూసి పంపారనే అనుకుంటాం. ఇక్కడ పిల్లలు ఏదో ఒక ఫారంలో టిక్కు పెడితే చాలు, పేరూ అడ్రసూ ఎక్కడెక్కడికో వెళతాయి. మీ ఇంటికీ వస్తాయి అలాంటి కవర్లు. స్కూల్లో ఆ సొసైటీకి బాధ్యుడైన టీచర్ ఎవరని అడగండి. అలాంటి టీచర్ లేకపోతే ఒక్క డాలరు కూడా కట్టొద్దు.

అసలైనవి స్కూల్లోనే నడుస్తాయి. అన్నిటికంటే పేరున్నది నేషనల్ హానర్ సొసైటీ. హైస్కూలు ప్రిన్సిపాళ్ల జాతీయ సంఘం 1921లో పెట్టింది. చదువు, సేవ, నాయకత్వం, నడవడి, ఈ నాలుగూ చూస్తారు. జాతీయ నియమం ప్రకారం జీపీఏ, అంటే మార్కుల సగటు, నాలుగుకి కనీసం 3.0 ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే స్కూళ్లలో ఇంకా పైన పెడతారు. ఐదుగురు టీచర్ల మండలి ఎంపిక చేస్తుంది. పిల్ల ఆ స్కూల్లో కనీసం ఒక సెమిస్టరు చదివి ఉండాలి గనుక, ఈ ఆగస్టులో మీ అమ్మాయి పేరు లేదని మీరు బెంగపడక్కర్లేదు. నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటి ఉంది: స్థానిక చాప్టర్, అంటే ఆ స్కూల్లోని శాఖ, తీసుకునే రుసుము ఏడాదికి 20 డాలర్లు దాటకూడదు. మిగతా వివరాలు, హైదరాబాద్ మార్కుల్ని ఇక్కడ జీపీఏలో ఎలా కలుపుతారన్నదీ, మీ కౌన్సెలర్‌ని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతాయి.

సబ్జెక్టుల వారీగా కూడా సొసైటీలున్నాయి. లెక్కలకి మ్యూ ఆల్ఫా థీటా, 1957లో ఓక్లహోమా యూనివర్సిటీలో పుట్టింది. సైన్సుకీ స్పానిష్‌కీ సంగీతానికీ విడివిడిగా ఉన్నాయి. ఒక్కొక్కదాని రుసుము చూస్తే చిన్నదే. గ్రాడ్యుయేషన్ దగ్గర పడినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కో సొసైటీకి మెడలో వేసుకునే ఒక్కో రంగు తాడు, కొన్నిటికి స్టోల్ అనే కండువా, చాలాచోట్ల అవన్నీ కొనుక్కోవాలి. ఆ ఒక్కరోజు ఫొటో కోసం, ఊరికి వాట్సాప్‌లో పంపడం కోసం, మూడేళ్లపాటు నాలుగైదు సొసైటీల మీటింగులకి పిల్లల్ని తిప్పే తల్లిదండ్రుల్ని చూస్తున్నాను. మీరలా చేయకండి. కాలేజీలకి దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో కార్యకలాపాలకి పది గడులే ఉంటాయి, బహుమతులూ గౌరవాలకి ఐదు. ఒక్కో పని గురించి రాసుకోవడానికి 150 అక్షరాలు మాత్రమే ఇస్తారు. పేరుకి సభ్యురాలిగా ఉన్న క్లబ్బు గురించి ఆ గడిలో రాయడానికి ఏమీ ఉండదు.

టెక్సాస్‌లో ఉన్నారు గనుక ఇది కూడా తెలుసుకోండి. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో తరగతి ర్యాంకుని బట్టి నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ 2026లో చేరేవాళ్ల నుంచి ఆ అవకాశాన్ని తరగతిలో మొదటి ఐదు శాతం మందికే తగ్గించింది. ఆ సీటుకి క్లబ్బులు చూడరు. కానీ యూనివర్సిటీలో సీటు వచ్చినంత మాత్రాన అడిగిన కోర్సు రాదు, కంప్యూటర్ సైన్స్ లాంటివాటికి పిల్ల మొత్తంగా ఏం చేసిందో చూస్తారు. ఇంకో నియమం, సాధారణంగా ఏదైనా సబ్జెక్టులో నూటికి 70 కంటే తగ్గితే కొంతకాలం స్కూలు పోటీల్లో పాల్గొననివ్వరు.

ఇక పోటీల క్లబ్బులు. వ్యాపారం వైపు డెకా, ఎఫ్‌బీఎల్ఏ, వైద్యం వైపు హోసా, ఇంకా డిబేట్, రోబోటిక్స్. మంచివే, పిల్లలు నలుగురిలో నిలబడి మాట్లాడటం వీటిలోనే నేర్చుకుంటారు. కానీ ఒక సంగతి ఎవరూ ముందు చెప్పరు: గెలిచేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. మా అమ్మాయి హోసాలో రాష్ట్రస్థాయికి ఎంపికైన రోజున గెంతుకుంటూ ఇంటికొచ్చి నా చేతిలో కాగితం పెట్టింది. రిజిస్ట్రేషన్, బస్సు, హోటల్, భోజనం, పోటీలో వేసుకోవడానికి సూటు. దాని ముఖం చూసి వద్దనలేక కార్డు మీద కట్టి, నెలల తరబడి తీర్చుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ జట్టులో సగంమంది తల్లిదండ్రులు చేతి డబ్బు అంతగా పెట్టలేదు. పిల్లలు పాప్‌కార్న్, కుకీ పిండి అమ్మి పోగుచేశారు. కట్టలేనివాళ్లకి స్కూల్లో విడిగా నిధి ఉంది. క్లబ్బు చూసే టీచర్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. మనకి ఇంటింటికీ తిరిగి అమ్మడమంటే నామోషీ, సహాయం అడగాలంటే అంతకంటే నామోషీ. ఈ దేశంలో డాక్టరు గారి పిల్లలు కూడా కుకీలు అమ్ముతారు, ఎవరూ తక్కువగా చూడరు. మీరు చేరే ముందే "ఏడాది మొత్తానికి, రాష్ట్రస్థాయికి వెళితే ఎంతవుతుంది?" అని టీచర్‌కి ఈమెయిల్ రాయండి. నిధి ఉందా అని అదే ఈమెయిల్‌లో అడగండి.

దారి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. చాలా క్లబ్బులు స్కూలు వదిలాక పెడతారు, అప్పటికి పసుపు బస్సు వెళ్లిపోతుంది. మీకింకా లైసెన్స్ వచ్చి ఉండదు. వారానికి రెండుసార్లు టాక్సీ అంటే క్లబ్బు ఫీజుకి ఎన్నో రెట్లు అవుతుంది. ఉదయం స్కూలు మొదలవకముందో లంచ్‌లోనో జరిగేవి ఉంటాయి, మొదటి ఏడాది వాటినే చూసుకోండి. పక్కింటివాళ్లతో కలిసి కారు వంతులు వేసుకోవడానికి మొహమాటపడకండి, పెట్రోలు ఖర్చు మీరిస్తామని చెప్పండి.

నన్నడిగితే సేవ చేసే క్లబ్బు ఒకటి చాలు, ఉదాహరణకి కీ క్లబ్. 1925లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మొదలైంది, విద్యార్థులే నడుపుతారు, కివానిస్ అనే సేవాసంస్థ వాళ్లు వెనక ఉంటారు. లేనివాళ్లకి తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకులో సంచులు సర్దుతూ పిల్లకి నలుగురు స్నేహితులు దొరుకుతారు. దానితోపాటు పిల్లకి నిజంగా ఇష్టమైనది ఇంకొకటి, అది మీకు నచ్చకపోయినా సరే.

ఇష్టమైనది స్కూల్లో లేకపోతే పెట్టుకోవచ్చు కూడా. చదువుతో సంబంధం లేని ఒక్క క్లబ్బునైనా అనుమతించిన ప్రభుత్వ హైస్కూలు, విద్యార్థులు పెట్టుకునే మరో క్లబ్బుని అది మాట్లాడే విషయం చూసి కాదనకూడదని 1984లో ఈక్వల్ యాక్సెస్ చట్టం వచ్చింది. 1990లో సుప్రీంకోర్టు ఒమాహాలోని ఒక స్కూలు కేసులో ఆ చట్టాన్ని సమర్థించింది. మా అమ్మాయి క్యారమ్స్ క్లబ్బు పెట్టింది. కెమిస్ట్రీ టీచర్ తన గది ఇస్తానంది, నేను బోర్డు కొనిచ్చాను, అంతే ఖర్చు. వియత్నాం పిల్లలు, మెక్సికో పిల్లలు వచ్చి నేర్చుకున్నారు. కాలేజీకి రాసిన వ్యాసంలో ఆ క్లబ్బు గురించే రాసింది, కోరుకున్న చోట సీటు వచ్చింది. మేం ఎవరి సలహా లేకుండా ఇంతవరకు నెట్టుకొచ్చాం. మీకు చెప్పేవాళ్లున్నారు, మీ పిల్ల ఇంకా బాగా చేస్తుంది.

స్కూలు తెరిచిన కొద్ది వారాలకి క్లబ్బుల ఫెయిర్ పెడతారు. పిల్లని నచ్చిన ప్రతి బల్ల దగ్గరా పేరు రాయించుకోమనండి, డబ్బు మాత్రం ఆరోజు ఇచ్చి పంపకండి. చాలా క్లబ్బులు మొదటి మీటింగులకి ఊరికే రానిస్తాయి. కొన్ని వారాలయ్యాక కూడా మీరు గుర్తు చేయకుండా తనే వెళుతున్న క్లబ్బేదో చూసి, దానికి రుసుము కట్టండి.